కొండనెక్కువాని వస్త్రము



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి వానలో పనిచేయు విద్య క్రొత్తది కాదు. నల్లమల అంచున గొఱ్ఱెలను కాచువారు గొంగళి మూలను ముడిచి తలకు తగిలించుకొని, శ్రావణమాసపు జడివానలో సయితము మందవెంట నిలిచియుందురు. గొంగళి లేనివాడు గోనెసంచి కప్పుకొనును. ఈ కాలమున ప్లాస్టిక్ పట్టా కప్పుకొనువారే ఎక్కువ. ఈ మూడింటికిని గల భేదమును గుర్తించినవారికి, హిమాలయములనెక్కువారి దుస్తులలో గడచిన నూరేండ్లలో వచ్చిన మార్పు సులభముగా బోధపడును. నేటి ప్రసంగ విషయమదియే.

ఇది మనకేల యని పెద్దలడుగవచ్చును. కొండలెక్కుట దొరల వినోదమని తలచిన కాలము గతించినది. 2014 మే 25వ తేదీన, రాష్ట్ర విభజనకు ఎనిమిది దినములు ముందుగా, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరముమీద నిలిచెను. అప్పటికామె వయస్సు 13 ఏండ్ల 11 మాసములు. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అను విద్యార్థియు ఆమెతోకూడ ఎక్కెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివినవారు. భువనగిరి కొండరాతిమీద తొలిపాఠములు నేర్చినవారు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. కనుక ఇకమీదట ఏ గ్రామమునందైనను ఒక బిడ్డ వచ్చి “నేనును కొండనెక్కుటకు పోయెదను” అని అడుగవచ్చును. పంపవలెనా వలదా యని తేల్చవలసినవారు ఇంటి పెద్దలు. ఆ బిడ్డ ఒంటిమీద ఏ గుడ్డ ఉండవలెనో వారికి తెలిసియుండుట మంచిది.

పర్వతముమీద మనిషిని చంపు తడి రెండు త్రోవల వచ్చును. ఒకటి పైనుండి వచ్చునది. అది వానయు మంచును. రెండవది లోపలినుండి వచ్చునది, అది చెమట. మొదటిదానిని అందరును ఎఱుగుదురు. రెండవదానిని తలచువారు తక్కువ. మూట మోసికొని నిట్రముగా ఎక్కువానికి, చుట్టును మంచు పేరుకొనియున్నను చెమట పోయును. నడచుచున్నంతసేపు బాధ తెలియదు. నిలిచినంతనే ఆ తడిగుడ్డ ఒంటినంటుకొని వేడిమిని లాగివేయును. కదలని గాలికంటె నీరు వేడిమిని సుమారు 25 రెట్లు త్వరగా కొనిపోవును. మన ఒంటిలోపలి వేడిమి సుమారు 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకు దిగినచో వణకు పుట్టును, మాట తడబడును, బుద్ధి మందగించును. ఇంకను దిగినచో ప్రాణాపాయము.

ఇచ్చట మన ప్రాంతపువారు ప్రత్యేకముగా గమనింపవలసిన మాట ఒకటి కలదు. మనది ప్రత్తి పండు నల్లరేగడి నేల. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రము 1906వ సంవత్సరమున ఏర్పడినది. ‘నరసింహ’ అను పేరుగల ప్రత్తి రకము అచ్చటనే పుట్టినది. నూలుబట్టను మించిన బట్ట లేదని మన నమ్మకము. మన యెండలకు ఆ నమ్మకము సరియైనదే. నూలు చెమటను పీల్చుకొని, మెల్లగా ఆరుచు, ఒంటిని చల్లబఱచును. అయితే మంచుకొండమీద మనకు చల్లదనము అక్కఱలేదు. చెమటను పట్టియుంచి ఒంటిని చల్లబఱచుటయే అచ్చట ప్రమాదము. ఇంటిలో మేలుచేసిన గుణమే అచ్చట కీడుచేయును. నూలు బనీను, ముతక నూలుతో నేసిన జీన్సు లాగు తొడిగి మంచులోనికి పోవు కుఱ్ఱవాడు ఈ సంగతి ఎఱుగడు.

గొంగళి మాట వేఱు. ఉన్ని తన బరువులో దాదాపు మూడవవంతు తేమను లోలోపల దాచుకొనియు, తాకువానికి తడిగా తోపదు. దాని వెండ్రుకల నడుమ గాలి నిలిచియుండి వెచ్చదనమును కాపాడును. గొఱ్ఱెవెండ్రుకకు సహజముగా ఉండు జిడ్డు నీటిబొట్టును కొంతవఱకు జాఱవిడుచును. నేతలో పట్టించు చింతగింజల గంజి దానికి బిగువు నిచ్చును. లోపము బరువు. బాగుగ నానిన గొంగళిని మోయుట ఒక మనిషిని మోసినట్లుండును.

పైనుండి వచ్చు తడిని పూర్తిగా ఆపవలెనని స్కాట్లండు దేశీయుడు చార్లెస్ మాకింతోష్ 1823లో రెండు గుడ్డలనడుమ రబ్బరును పూసి అతికించెను. వాననీరు చొరలేదు, చెమటయు వెలువడలేదు. మన ప్లాస్టిక్ పట్టాకును ఇదే గుణము, ఇదే దోషము. ఎగువ అహోబిలమునుండి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి వానకాలమున నడచువారిని నేను చూచియున్నాను. ప్లాస్టిక్ కోటు తొడిగినవారు పైకి చేరి దానిని విప్పునప్పటికి, లోని చొక్కా పిండదగినంతగా తడిసియుండును. అది వాననీరు కాదు, వారి చెమటయే. అహోబిలమున దానివలన చిరాకు తప్ప వేఱు హాని లేదు. హిమాలయమున అది ప్రాణముమీదికి వచ్చును.

పిదప ఆంగ్లదేశమున థామస్ బర్బెరీ 1879లో గాబర్డిన్ అను వస్త్రమును కల్పించెను. నూలును ముందుగనే నీరంటకుండ సిద్ధపఱచి, అటుపిమ్మట మిక్కిలి దట్టముగా నేయుట ఇందలి మర్మము. 1924లో ఎవరెస్టుమీద కనుమఱుగైన జార్జి మాలరీ పైని తొడిగినది గాబర్డిన్. లోపల పట్టు, ఉన్ని, నూలు వస్త్రములు పొరలు పొరలుగా ఉండెను. ఆయన దేహము 1999లో దొరకగా, ఆ గుడ్డల తునకలనుబట్టి అట్టివే మరల చేయించి 2006లో ఎవరెస్టుమీద తొడిగి చూచిరి. అవి తేలికగా, కదలికకు అనుకూలముగానే యున్నవి. మంచిదినమున నడచుటకు చాలును గాని, ఆరుబయట రాత్రి గడపుటకు చాలవని తేలినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున మాంచెస్టరులోని షర్లీ పరిశోధనాలయమువారు వెంటైల్ అను నూలువస్త్రమును సిద్ధముచేసిరి. చల్లని సముద్రమున పడిపోవు విమానవీరులను కాపాడుట దాని ఉద్దేశము. పొడవుపింజె ప్రత్తిని అతి దట్టముగా నేసినందున, తడి తగిలినంతనే దారములుబ్బి సందులను మూసివేయును. ఆరినప్పుడు మరల గాలి ఆడును. ప్రత్తి ఈ మేరకు ఎదిగినదని విని మన రైతు గర్వింపవచ్చును. 1953 మే 29న హిల్లరీ, టెన్సింగులు శిఖరము చేరునప్పటికి, పై దుస్తులలో నూలుతో నైలాను కలిసినది.

అసలు మలుపు 1969లో వచ్చినది. అమెరికాలో బాబ్ గోర్ అను నతడు, నేడు మన ఇండ్లలో అట్టులంటుకొనని పెనములకు పూత పూయు పదార్థమునే కడ్డీలుగా కాచి మెల్లమెల్లగా సాగదీయుచుండెను. ఎంత జాగ్రత్తపడినను తెగుచుండెను. విసిగి ఒక్కమాఱుగా గుంజగా, తెగకుండ ఎన్నో రెట్లు సాగెను. అట్లు సాగిన పొరలో అధికభాగము గాలియే; కంటికి కనబడని రంధ్రములతో నిండియుండును. తయారుచేసినవారి లెక్కప్రకారము ఒక్కొక్క రంధ్రము నీటిబొట్టుకంటె సుమారు 20,000 రెట్లు చిన్నది, ఆవిరి అణువుకంటె సుమారు 700 రెట్లు పెద్దది. జల్లెడలో రాళ్లు నిలిచి పిండి రాలినట్లు, బయటి వానబొట్టు బయటనే నిలుచును, లోపలి చెమట ఆవిరియై వెలువడును. ఈ పొరను గుడ్డకు అతికించి ‘గోర్‌టెక్స్’ అను పేర 1976నుండి అమ్మిరి. మొదటి కోటులలో ఒంటి జిడ్డు రంధ్రములకు పట్టి నీరు కాఱగా, కొలది యేండ్లలోనే మఱియొక పలుచని పూతచేర్చి దిద్దిరి.

దీనితో ఎక్కువాడు దుస్తులు తొడుగు తీరే మాఱినది. ఒంటినంటి చెమటను పీల్చి బయటకు నెట్టు పలుచని పొర. దానిమీద వెచ్చదనమునకు ఉన్ని గాని, ఉన్నివంటి కృత్రిమవస్త్రము గాని. అన్నిటికిపైన గాలివానల నాపి ఆవిరిని విడుచు పొర. వేడి పుట్టినప్పుడు విప్పుట, చలి పుట్టకముందే తొడుగుట ఇందలి అభ్యాసము. శిఖరమునకు దగ్గఱ వాన యుండదు, ఎముకలు కొఱుకు గాలియే యుండును. అచ్చట పక్షుల మెత్తని నూగు నింపిన నిలువుటంగీ తొడుగుదురు. ఆ నూగు తడిసినచో ముద్దకట్టి వెచ్చదనము పోగొట్టుకొనును. కనుక అచ్చటను తడియే శత్రువు.

ఈ వస్త్రమునకును హద్దులు కలవు. ఆవిరి ఎక్కువ తేమనుండి తక్కువ తేమకే పోవును. మన నల్లమలలో వానకాలపు ఉక్కలో బయటి గాలియే తేమతో నిండియుండుటచే ఇది అంతగా పనిచేయదు. వేలకు వేలు పోసి కొనవలసిన పనిలేదు. పైపూత అరిగినచో గుడ్డ నీరు పీల్చి బరువెక్కి, ఆవిరి దారి మూసికొనిపోవును. మఱియు ఇట్టి పూతలలో వాడిన ఫ్లోరిన్ రసాయనములు నేలలోను నీటిలోను ఎన్నేండ్లకును నశింపవని తేలుటచే, గోర్ సంస్థ 2022నుండి కొన్ని దుస్తులలో పాలిథీన్‌తో చేసిన పొరను వాడుచున్నది. మన పట్టా ఏ పదార్థముతో చేయబడునో ఈ పొరయు దానితోనే చేయబడుట విశేషము. పట్టా చెమటను మూసివేయును. సూక్ష్మరంధ్రములు గల ఈ పొర విడుచును.

కావున బిడ్డను పంపునప్పుడు పెద్దలు శిక్షకుని మూడు ప్రశ్నలడుగవలెను. ఒంటినంటు గుడ్డ నూలుదా, కాదా? పైపొర బిడ్డ కొలతకు సరిపోవుచున్నదా, నీరు పోసి పరీక్షించితిరా? తడిసినచో మార్చుకొనుటకు పొడిగుడ్డలు వేఱుగా కట్టియుంచితిరా? వీనికి జవాబు చెప్పలేనివానితో పంపవద్దు. సిగ్గుపడి ఊరకుండవద్దు; ఎద్దును కొనునప్పుడు పండ్లు చూడకుండ కొందుమా?

నాలుగవ మాట బిడ్డకే చెప్పవలెను. నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కిన ధీరుడు. అంతటి అనుభవజ్ఞుడును 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములకు పోయి సజీవుడై తిరిగిరాలేదు. ఎంత మంచి వస్త్రమైనను కొంత వ్యవధి నిచ్చునేగాని అభయ మీయదు. మబ్బు కమ్మినప్పుడు వెనుకకు మఱలుట పిఱికితనము కాదని, శిఖరము మఱుసటి యేడును అచ్చటనే యుండునని, ఇంటివద్ద పెద్దలు ముందుగనే చెప్పి పంపవలెను. ఆ మాట విన్న బిడ్డ వెనుదిరుగుటకు సిగ్గుపడడు.