మాంసం కుళ్ళదు, అరుగుతుంది: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం

1895లో భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జీవితకథ సభలో అందరికీ తెలిసిందే. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేయాలి. తిన్న తిండిని ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బు ఆయన అన్నదమ్ములను బలితీసుకుంది, ఆయన్నూ పీడించింది. హార్వర్డ్‌లో జీవరసాయనవేత్త ఫిస్క్‌తో కలిసి కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను గుర్తించినవాడు, లెడర్లీ మందుల సంస్థలో ఫోలిక్ ఆమ్లం తయారీకి నాయకత్వం వహించినవాడు ఆయనే. అలాంటి మనిషి స్మృతిలో మాంసం అరుగుదల గురించి మాట్లాడటం సముచితమే.

ఈ వక్తకు ఒక వాదంతో చాలాకాలంగా పేచీ ఉంది. మాంసం మనిషి కడుపులో మూడు రోజులు కుళ్ళుతూ ఉంటుందనే మాట ఆరోగ్య ప్రసంగాల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ తిరుగుతూనే ఉంది. వేటమాంసం తినాలా, పెద్దకూర తినాలా, ఏదీ ముట్టకూడదా అన్నది ఎవరి నమ్మకం వారిది. ఆ నమ్మకం కోసం శరీరశాస్త్రం చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించడం తప్పు.

అరుగుదల క్రమం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. జీర్ణాశయంలోని ఆమ్లం మాంసకృత్తుల మడతలు విప్పుతుంది, 1836లో జర్మన్ శాస్త్రవేత్త ష్వాన్ కనుగొన్న పెప్సిన్ వాటిని ముక్కలు చేస్తుంది. మిగతా పని చిన్నపేగులో క్లోమరసమూ పిత్తరసమూ చేస్తాయి. మాంసానికి ఎరుపునిచ్చే హీమ్‌లోని ఇనుము ఆ హీమ్‌తోపాటే పేగు కణంలోకి చేరుతుంది. ఆకుకూరల్లోని ఇనుము కన్నా అది బాగా ఒంటబట్టేది అందుకే.

ఇక కుళ్ళు వాదం. 1822లో మిషిగన్‌లోని మాకినాక్ దీవిలో తుపాకీ గుండు తగిలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి జీర్ణాశయానికి మానని రంధ్రం మిగిలింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ 1825 నుంచి ఆహారపు ముక్కలను పట్టుదారానికి కట్టి, ఆ రంధ్రంలోంచి లోపలికి దించి చూశాడు. 1833లో అచ్చయిన అతని పట్టికలో కాల్చిన గొర్రెమాంసానికి మూడుంపావు గంటలు, కాల్చిన గొడ్డుమాంసానికి మూడు గంటలు, ఉడికించిన క్యాబేజీకి నాలుగున్నర గంటలు పట్టినట్టు ఉంది.

ఒకే మనిషి, అదీ గాయపడిన కడుపు కదా అని అభ్యంతరం రావచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే రేడియోధార్మిక గుర్తు కలిపిన ఘనాహారంతో నేడు చేసే పరీక్షలో, నాలుగు గంటల తర్వాత కూడా పది శాతానికి మించి జీర్ణాశయంలో మిగిలితే దాన్ని జబ్బుగానే లెక్కిస్తారు. కొవ్వు ఎక్కువైతే మరికొంత ఆలస్యం అవుతుంది, అంతే. మూడు రోజుల లెక్క నోటి నుంచి విసర్జన దాకా పట్టే మొత్తం కాలానిది. గోంగూర పీచుకైనా ఆ ప్రయాణం తప్పదు.

మనిషి పేగు పొడుగు కాబట్టి మాంసం అందులో ఇరుక్కుంటుందని ఇంకో మాట. పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీది సంచీలోకి తెరిచిన రోగులే దీనికి జవాబు. వాళ్ళ సంచీలో గుర్తుపట్టేలా కనిపించేవి గింజలు, తొక్కలు, పీచు. మాంసకృత్తుల్లో అత్యధిక భాగం అప్పటికే రక్తంలో చేరి ఉంటుంది.

మిగిలిన కొంచెం పెద్దపేగులోని సూక్ష్మజీవుల పాలవుతుంది, అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. ఎర్రమాంసం బహుశా క్యాన్సర్ కారకమనీ, నిల్వచేసిన మాంసం కచ్చితంగా కారకమేననీ 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మాంసం తగ్గించమనడానికి ఈ కారణం చాలు, కుళ్ళు కథ అక్కర్లేదు.

ఆ కథ మరుగున పడేసిన అసలు ప్రశ్న వేరే ఉంది: అరిగించే శక్తి కడుపుకు ఉందా? బోస్టన్ వైద్యుడు విలియం క్యాజిల్ పెర్నీషియస్ రక్తహీనత రోగులకు పది రోజులు రోజూ 200 గ్రాముల గొడ్డుమాంసం పెట్టాడు. రక్తం పుంజుకోలేదు. తర్వాత తానే 300 గ్రాములు తిని, గంటకు దాన్ని తన కడుపులోంచి బయటికి తీసి, వాళ్ళకు గొట్టంతో ఎక్కించాడు. రక్తం పుంజుకుంది. 1929లో ప్రచురించిన ఈ ప్రయోగం, ఆరోగ్యవంతుడి జీర్ణాశయం ఏదో ఒక పదార్థాన్ని అందిస్తుందని చూపింది. మాంసంలోని బి12 విటమిన్‌ను పేగు పీల్చుకోవాలంటే ఆ పదార్థం కావాలని తర్వాత తేలింది. మాంసకృత్తుల నుంచి బి12ను విడదీయడానికి ఆమ్లమూ పెప్సినూ కూడా కావాలి.

ఈ వక్త ఇప్పుడు ఆశా కార్యకర్తల కోసం తెలుగులో రాస్తున్న చిన్న పుస్తకం ఈ విషయం మీదే. ఆమ్లాన్ని అణిచే గ్యాస్ మాత్రలు పరగడుపున ఏళ్ళ తరబడి వేసుకునేవారు మన ఊళ్ళలో ఎందరో. రెండేళ్ళు, అంతకుమించి వాటిని వాడినవారిలో బి12 లోపం ఎక్కువగా కనిపించిందని 2013లో కాలిఫోర్నియా రోగుల రికార్డుల ఆధారంగా జామా పత్రిక ప్రచురించింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌తోనూ ఈ లోపం రావచ్చు. వారం వారం మటన్ తింటున్నాం, మాకు లోపమేమిటనే ధీమా వీళ్ళకు పనికిరాదు.

ఈ మాత్రలు దీర్ఘకాలంగా వాడుతున్నవారు, అరికాళ్ళ తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు ఉంటే వాటిని వయసు మీదికి నెట్టకండి. మాత్రలు మీ అంతట మీరు మానకుండా, బి12 పరీక్ష అవసరమా అని వైద్యుణ్ణి అడగండి.