పటములో చుక్కలు, మన పాత పేటలు

(శతాబ్ది సందర్భముగా సంఘముల చరిత్ర సేకరణకు పూనుకొన్న యువజనుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన యువజనులు నా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మా ఊరి చరిత్ర వ్రాయాలనుకుంటున్నాము, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగారు. ఫలానా రాజుతో మొదలుపెట్టండని చెబుతాననుకున్నారు కాబోలు. నేను రాజుల సంగతి బాగా తెలిసినవాడిని కాను. ఉద్యోగమున్నంత కాలము పిల్లలకు భూగోళము చెప్పినవాడిని. అందుచేత పుస్తకమునకు బదులు ఈ చుట్టిన కాగితము పట్టుకొని వచ్చాను.

ఇది సర్వే ఆఫ్ ఇండియావారి పాత పటము. మైలుకు ఒక అంగుళము చొప్పున గీసినది. అనగా మీరు ఇరవై నిమిషములు నడిచే దూరము దీనిమీద బొటనవ్రేలి కణుపంత. దేశమంతటినీ గళ్లుగా విభజించి గడికొక నంబరు పెట్టారు. మన కొల్లేటి ప్రాంతము 65 హెచ్ అనే గడిలో వస్తుంది. అందులో 2, 6 నంబర్ల కాగితములు తెచ్చుకొని ప్రక్కప్రక్కన పరిస్తే ఏలూరు, కైకలూరు, ఆకివీడు, వాటి నడుమ కొల్లేరు, లంకలు చాలామట్టుకు దొరుకుతవి. ఇంత పని ఎట్లా సాధ్యమైనదంటే, 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంటు వద్ద లాంబ్టన్ దొర ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్లు నేల కొలిచి, ఆ కొలత ఆధారముగా త్రికోణములమీద త్రికోణములు కట్టుకుంటూ పోయాడు. ఆ తరువాత వచ్చినవారంతా ఆ త్రికోణముల నడుమ ఊళ్లను, ఏళ్లను నింపారు. ఆ కథ ఇంకొకప్పుడు చెప్పుకొందాము.

పటము చేతికి రాగానే అందరూ తమ ఊరు వెదుకుతారు. అది సహజమే. కాని మొదట చూడవలసినది అంచు. అక్కడ సర్వే చేసిన సంవత్సరము వేరుగాను, అచ్చు వేసిన సంవత్సరము వేరుగాను ఉంటవి. అచ్చు తేదీని చూసి మోసపోయేవారు ఎందరో! పాత సర్వేనే చిన్నచిన్న దిద్దుబాట్లతో మళ్లీ మళ్లీ అచ్చు వేస్తూ వచ్చారు. నా దగ్గర ఉన్న కాగితమునకు అంచు చిరిగిపోయి ఆ సంవత్సరమే లేదు. అయినా చిక్కు లేదు. గుడివాడ నుండి భీమవరము పోయే రైలుమార్గము 1928లో తెరిచారు. ఈ పటములో ఆ పట్టాల గీత లేదు. కాలువలు, లాకులు ఉన్నవి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయినవి గనుక ఈ పటము ఆ తరువాతిదీ, 1928కి ముందు సర్వే చేసినదీ అని తేలింది. ఇట్లా గీత ఉన్నచోటు ఎంత చెబుతుందో, లేనిచోటు కూడా అంతే చెబుతుంది.

పేర్ల దగ్గర ఓపిక పట్టాలి. కొల్లేరు కాస్తా "కొలెయిర్" అయింది, ఏలూరు "ఎల్లోర్" అయింది. దొర అడిగినది కరణముగారికి అర్థము కాలేదో, కరణముగారు చెప్పినది దొరకు వినబడలేదో! కండ్లతో చదివితే తెలియని పేరు పైకి చదివితే తెలుస్తుంది. బిగ్గరగా చదవండి, ప్రక్కన ఉన్న ముసలమ్మ నవ్వి అసలు పేరు చెబుతుంది.

ఇక మన ప్రాంతమునకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఇట్టి పటములలో ఎత్తుపల్లములను చూపించే గీతలు సాధారణముగా 50 అడుగులకొకటి గీస్తారు. కొండ ప్రాంతములో అవి ఒకదానిమీద ఒకటి పడి కొండ ఆకారము కళ్లకు కడుతుంది. మన కొల్లేటి పల్లపు నేలలో యాభై అడుగుల ఎత్తు ఎక్కడున్నది? గీతలే లేవు. అక్కడ మనకు గతి రెండే. ఒకటి, అక్కడక్కడ వేసిన ఎత్తు అంకెలు. రెండవది, ఊళ్లు కూర్చున్న తీరు. ఒక పొడవాటి వరుసలో ఊళ్లుంటే అది పాత ఏటిగట్టో, కాలువగట్టో అయి ఉంటుంది. మన పెద్దలు అడుగు ఎత్తు దొరికినచోట గుడిసె వేశారు. ఆ అడుగు ఎంత విలువైనదో కొల్లేరు లెక్కలే చెబుతవి. సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తు గీత వరకు లెక్కిస్తే కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల గీత వరకు లెక్కిస్తే 901. మనిషి ఎత్తు లేని తేడాలో సరస్సు సుమారు మూడింతలవుతుంది. 1999లో అభయారణ్యము ప్రకటించినప్పుడు 5 అడుగుల గీతనే హద్దుగా తీసుకొన్నారు. 2006 నాటి ఆపరేషన్ కొల్లేరులో గట్లు తెగి ఎందరి బ్రతుకులు తారుమారైనవో మీలో కొందరికి నాకన్నా బాగా తెలుసు.

అందుచేత పాత పటములోని నీటి అంచును చూపించి "ఇదిగో కొల్లేరు ఇంతే" అని వాదించేవారిని నమ్మకండి. సర్వేవారు వానలు వెలిసి దారులు ఆరిన తరువాతనే గుడారములు వేసేవారు. అది సరస్సు తగ్గే కాలము. బుడమేరు, తమ్మిలేరు పొంగి, ఉప్పుటేరు ఆ నీటిని లాగలేకపోయిన నాటి కొల్లేరును ఏ సర్వేయరూ గీయలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ ఇండ్లలోనికి వచ్చినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. పాత పటమును ఎదుట పెట్టుకొని చూచినవాడికి ఆశ్చర్యము లేదు, దుఃఖము మాత్రమే ఉన్నది. ఏరు తన దారిని మరచిపోదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచిన దానికి వస్తాను. పటములో ఊరంటే నల్లని చిన్నచిన్న గళ్ల గుంపు. దాని నడుమ గుడి గుర్తు, ప్రక్కన చెరువు. ఆ గుంపు నుండి కొంచెము దూరముగా, తరచు పల్లములో, విసిరేసినట్లు నాలుగైదు చుక్కలు విడిగా ఉంటవి. చాలాచోట్ల వాటికి పేరు వ్రాయలేదు. అవి ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. అవి మన పేటలు, మన పల్లెలు.

కాలిన్ మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరల్ అయ్యాడు. ఆయనకు కుడిభుజముగా పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే సోదరులు మన ఏలూరువారు. బొర్రయ్య 1803లోనే చనిపోగా తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వారి మనుషులు ఊరూరా తిరిగి వ్రాయించినవే కైఫియత్తులు. తెలుగువారి గ్రామచరిత్రకు అంతటి నిధి మరొకటి లేదు, తప్పక చూడండి. కాని కైఫియత్తు చెప్పినవారు కరణములు, ఊరి పెద్దలు. ఎవరు గుడి కట్టించారు, ఎవరికి మాన్యము ఇచ్చారు అన్నవే అందులో ఎక్కువ. మన ముత్తాతలను ఎవరు పిలిచి అడిగారు? శాసనములలో వారు లేరు, కైఫియత్తులలో వెదికినా అరుదు. సర్వేయరుకు మాత్రము ఇల్లు ఇల్లే. ఎవరిదైనా చుక్క పెట్టక తప్పలేదు. పేరు వ్రాయకపోయినా చోటు వ్రాశాడు.

ఆ పేరు మన దగ్గర ఉన్నది. సంఘములోని పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు తీయండి. తండ్రి పేరు ప్రక్కన ఊరి పేరు, ఒక్కొక్కసారి పేట పేరు కూడా వ్రాసి ఉంటుంది. ఇప్పుడు లేని పేట పేరు తగిలితే దానిని విడిగా వ్రాసుకోండి. పటములో పేరు లేని చుక్కలు, రిజిస్టరులో చోటు తెలియని పేర్లు – ఈ రెంటినీ కలిపే పని మనది. కలపాలంటే ముసలివారి నోటి మాట కావాలి. వారికి సంవత్సరములు గుర్తుండవు. "ఉప్పెనకు ముందా, తరువాతా?" అని అడగండి. అయితే ఏ ఉప్పెన అన్నది తేల్చుకోండి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూచినవారు మన మధ్యనే ఉన్నారు. తాతల నోట విన్నదైతే అది 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెన కావచ్చు.

నా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా నాయనమ్మ, "మన పాతపేట కాలువకు అవతల ఉండేది, వరద వచ్చాక ఇవతలకు వచ్చాము, నా తొలిచూలు పిల్లను రెండు తాళ్ల నడుమ అక్కడే పెట్టాము" అని చెప్పేది. మేము పెద్దగా పట్టించుకోలేదు. కాలువకు అవతల అంతా చేపల చెరువులే. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ పటము దొరికినప్పుడు చూస్తే కాలువకు అవతల ఆరు చుక్కలు, వాటి ప్రక్కన సమాధుల గుర్తు ఉన్నవి. మరునాడే పోయాను. కాలిక్రింద నల్లని మన్ను, పెంకులు. పాటిమన్ను అని ఒకప్పుడు బండ్లకెత్తి పొలములకు తోలుకొన్న మన్ను అదే. మనుషులు కాపురమున్న చోట కాని ఆ మన్ను ఉండదు. ఇంకొంచెము ముందుకు పోతే పొక్లెయిను పని చేస్తున్నది. కొత్త చెరువు తవ్వుతున్నారు.

తవ్వించేవారికి పటము చూపించాను. "మాస్టారూ, ఇదేమన్నా దస్తావేజా?" అన్నారు. నిజమే, కాదు. ఈ మాట మీరందరూ గుర్తుంచుకోవాలి. ఇట్టి పటము హక్కు పత్రము కాదు. హద్దులకు పనికిరాదు. ఎక్కడ వెదకాలో చెబుతుంది, అంతే. హద్దు తేలాలంటే మైలుకు పదహారు అంగుళముల గ్రామపటము, ఎఫ్.ఎమ్.బి., డైగ్లాటు చూడాలి. సంఘస్థులము నలుగురము తిరిగి తిరిగి ఆ నకళ్లు తెచ్చాము. అందులో ఆ ముక్క శ్మశానము పోరంబోకు అని స్పష్టముగా ఉన్నది. ఎకరానికి తక్కువే. ఆ కాగితము చేతికి వచ్చి పని ఆగేసరికి సగము తవ్వేశారు. మిగిలిన సగము చుట్టూ రాళ్లు పాతించాము. తాటిచెట్లు రెండూ ఎప్పుడో పడిపోయినవి. అవి ఏ సగములో ఉండేవో చెప్పగలిగిన మనిషి లేదు. నాయనమ్మ బ్రతికి ఉన్నప్పుడు నేను ఒక్కసారి ఆమెను పడవ ఎక్కించి అక్కడకు తీసుకొనిపోలేదు. పటము ముందు దొరికి ఉంటే అనుకొంటాను గాని, నాయనమ్మ ఎదుటనే ఉండెను గదా.

పటములు ఎక్కడ దొరుకుతవని అడుగుతారు. 2005లో వచ్చిన జాతీయ పటముల విధానము తరువాత ప్రజల కొరకు వేరే పటములు వేశారు. 2021లో నిబంధనలు ఇంకా సడలించారు. 1 కి 50,000 కొలత గల కొత్త పటములను సర్వే ఆఫ్ ఇండియావారు ఇంటర్నెట్టులో ఇస్తున్నారు. 1950లలో అమెరికా సైన్యపు పటముల శాఖవారు వేసిన 1 కి 2,50,000 పటములు టెక్సాసు విశ్వవిద్యాలయపు గ్రంథాలయమువారు అందరికీ ఉచితముగా పెట్టారు. వాటిలో పేటల చుక్కలు వెదకవద్దు, అంత చిన్నవి చూపలేదు. ఏళ్ల దారి చూచుకోవడానికి బాగుంటవి. పాత మైలు అంగుళము కాగితములు మాత్రము పాత కళాశాలల బీరువాలలో, పదవీ విరమణ చేసిన ఇంజనీర్ల ఇండ్లలో అడగాలి. నాకు దొరికినది ఒక ఇంట్లో అటకమీద, పెండ్లి శుభలేఖల కట్టలో.

తెచ్చుకొన్నాక ఫోనులోని ఉపగ్రహపు బొమ్మను ప్రక్కన పెట్టి చూడండి. కాని గదిలో కూర్చొని తేల్చకండి. ఉదయమే బయలుదేరి కాలినడకన పొండి. ఒక ముసలాయనను గాని ముసలమ్మను గాని వెంటబెట్టుకొని పొండి, వారికి గొడుగు, మంచినీళ్లు మరువకండి.

కాగితమును ఈ బల్లమీద పరచి ఉంచుతున్నాను. అందరూ వచ్చి మీమీ పేటలు వెదుక్కొనండి. దొరికిన చుక్క ప్రక్కన పేరు వ్రాయండి. పెన్ను వాడకండి, పెన్సిలు ఇక్కడ పెట్టాను.