మాట పోయిన ఇంట్లో చిన్న కంప్యూటరు
(హనుమకొండలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం 1982 నాటి నకారా తీర్పును తలచుకుంటాం. కరువు భత్యం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను కంప్యూటరు గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి. 1974లో టైపిస్టుగా చేరినవాణ్ణి, మీటలు నొక్కడం తప్ప నాకు వేరే విద్య రాదు.

2023 మార్చిలో నా భార్యకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మాట ముద్దయింది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. ముప్పై ఏళ్ళు తెలుగు పంతులమ్మగా చేసిన మనిషి. ఇప్పటికీ పేపరులో అచ్చుతప్పులు పట్టుకుంటుంది. నోటితో చెప్పలేదు, అంతే.

ఒక రాత్రి ఆమెకు బీపీ మాత్ర ఇచ్చాను. కాసేపటికి ఆ సంగతి మరిచి మళ్ళీ ఇవ్వబోయాను. తల అడ్డంగా ఊపింది, ఎడమ చేత్తో నా చేయి తోసేసింది. మొండికేస్తోందనుకొని, కోప్పడి మింగించాను. తెల్లారి మంచం దిగబోయి కళ్ళు తిరిగి పడింది. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. "ఇందాకనే ఇచ్చిండ్రు" అన్న రెండు మాటలు చెప్పే దారి ఆమెకు లేకపోయింది. తప్పు నాది.

పలక ఇచ్చి చూశాం. ఎడమ చేతి రాత ఆమెకే నచ్చలేదు. పైగా పక్క గదిలో ఉన్నవాడికి పలక వినబడదు గదా.

ఒక దుకాణంలో నలభై ఐదు వేల ల్యాప్‌టాప్ చూపించారు. "తెలుగులో కొడితే తెలుగులో చదువుతుందా బాబూ?" అని అడిగాను. "అన్నీ వస్తాయి సార్" అన్నాడు పిల్లవాడు. చదివించి చూపమన్నాను. చదవలేదు. ఫైలు చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు కనుక లేచి వచ్చేశాను.

మా మనవడు రాస్‌బెర్రీ పై 400 తెచ్చాడు. 2020లో వచ్చిన చిన్న కంప్యూటరు అది. కీబోర్డు లోపలే యంత్రమంతా ఉంటుంది, టీవీకి తగిలిస్తే చాలు. అందులో ఈస్పీక్ అనే ఉచిత ప్రోగ్రాము నెట్ లేకుండానే తెలుగు చదివింది. చదివింది గాని, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. మా ఆవిడ విని పలక మీద రాసింది: "ఇది నా గొంతు కాదు." చూపు లేని మిత్రులు ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రాముతో ఇటువంటి గొంతునే వాడుకుంటారు. వారికి వేగం ముఖ్యం. మా ఇంటి అవసరం వేరు. 1985లో ఆపరేషన్‌తో మాట పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్, తర్వాత మంచి గొంతులు వచ్చినా తన పాత కంప్యూటరు గొంతునే అట్టిపెట్టుకున్నాడు. గొంతు సంగతి చిన్నదేం కాదు. అదీగాక మంచం టీవీ దగ్గరికి జరగదు.

చివరికి పది అంగుళాల ఆండ్రాయిడ్ టాబ్లెట్ కొన్నాం. పన్నెండు వేలు. స్టాండు, చిన్న స్పీకరు కలిపి మరో పదిహేను వందలు. దాని సెట్టింగుల్లో టెక్స్ట్ టు స్పీచ్ అని ఉంటుంది. అక్కడ తెలుగు గొంతు ఒకసారి దింపుకుంటే తర్వాత నెట్ అక్కరలేదు. మీరు కొనేటప్పుడు ఆ గొంతు దింపించి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించి, ఒక వాక్యం చదివించండి. చదివితేనే డబ్బులు తీయండి.

ఇక టైపింగు. మన పాత టైపు మిషను మీద ఒత్తులు, గుణింతాలు రెండు చేతుల పని. ఒంటిచేతి మనిషికి షిఫ్టు మీటే శత్రువు. ఇంట్లో విండోస్ కంప్యూటరు ఉంటే షిఫ్టును వరసగా ఐదుసార్లు నొక్కండి. స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది. ఒప్పుకుంటే షిఫ్టు ఒకసారి, అక్షరం ఒకసారి విడివిడిగా నొక్కవచ్చు. చేయి వణికి ఒకే అక్షరం నాలుగుసార్లు పడుతుంటే ఫిల్టర్ కీస్ పెట్టించుకోండి. రెండూ అందులో ఉన్నవే, పైసా ఖర్చు లేదు.

టాబ్లెట్‌లో జీబోర్డ్ పెట్టాం. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది, అదే సులువని మా అబ్బాయి వాదన. ముప్పై ఏళ్ళు అ ఆలు దిద్దించిన మనిషి ఒప్పుకుంటుందా? తెలుగు అక్షరాల బోర్డే పెట్టించుకుంది. దాని ఎత్తు పెంచాం. రెండు అక్షరాలు కొట్టేసరికి పైన మాటలు కనబడతాయి, వేలు పెడితే చాలు.

కొట్టినదాన్ని పైకి చదివే ఉచిత యాప్‌లు ఉన్నాయి. మేము వాడేది స్పీచ్ అసిస్టెంట్. రోజూ అవసరమయ్యే వాక్యాలను అందులో మీటలుగా దాచుకోవచ్చు. ఆమె దాచుకున్న మొదటి వాక్యం: "మాత్ర ఇందాకనే ఇచ్చిండ్రు, మళ్ల వద్దు." మన ఓరుగల్లు మాటను యంత్రం రేడియో వార్తల్లాగా చదువుతుంటే మొదట్లో నవ్వొచ్చేది.

ఒక్క సంగతి మరవకండి. పక్షవాతం తర్వాత కొందరికి మాటతోపాటు చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయి. వారికి టైపు చేసే యంత్రం కొంటే డబ్బు దండగ కావచ్చు. ముందుగా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లు వేరే ఉన్నాయి. జెల్లో అనేది ఐఐటీ బొంబాయి వారు చేసింది, ఆవాజ్ చెన్నైలో పుట్టింది.

ఛార్జరు తీగను మంచం కోడుకు కట్టండి. లేకపోతే అవసరమైనప్పుడే కింద పడి ఉంటుంది.

చూడదలచినవారు మా ఇంటికి రావచ్చు. రెండు నుంచి నాలుగు దాకా ఆమె పడుకుంటుంది, ఆ వేళ తప్పించండి. ఈ సభకోసం పొద్దున ఆమె స్వయంగా కొట్టి ఇచ్చింది, మైకు దగ్గర పెట్టి వినిపిస్తున్నాను:

"అందరికి నమస్తే. మా సారు మైకు పట్టుకుంటె ఇడువడు. అన్నం చల్లారుతది, లేవుండ్రి."