తప్పు నట్టుదా, మనిషిదా?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను చదివింది ఇంటర్మీడియట్. ఈఎంఈలో బండ్లు రిపేరు చేసి సుబేదారుగా రిటైరయ్యాను. నాకు రాకెట్ల సంగతి ఏం తెలుసు అంటారేమో. కాని ఒక రాకెట్టు కథ అచ్చం మా వర్క్‌షాపు కథే.

అమెరికాలో 2002లో ఎలాన్ మస్క్ స్పేస్‌ఎక్స్ అనే ప్రైవేటు కంపెనీ పెట్టారు. కిరాయికి ఉపగ్రహాలు మోసే వ్యాపారం. వారి తొలి రాకెట్టు ఫాల్కన్-1. పసిఫిక్ సముద్రంలో, అమెరికా సైన్యం పరీక్షా కేంద్రం పరిధిలోని ఒమెలెక్ అనే చిన్న దీవి నుంచి 2006 మార్చి 24న లేచింది. అర నిమిషం కాగానే ఇంజను మంటల్లో ఆగిపోయి కింద పడింది.

కారణం కిరోసిన్ లీకు. ముందురోజు అక్కడ పనిచేసినవాళ్ల పొరపాటని మొదట అన్నారు. తరువాత దర్యాప్తులో అసలు సంగతి తేలింది. ఉప్పుగాలి అల్యూమినియం నట్టును తినేసింది, అది పగిలింది. అంతే! ఆ నట్లు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టారు. మరో రెండుసార్లు వేరే కారణాలతో ఓడిపోయి, నాలుగోసారి 2008 సెప్టెంబరు 28న కక్ష్యకు చేరారు.

ఇక నా సంగతి. నేను హవల్దారుగా ఉండగా ఘాట్ రోడ్డులో ఒక బండి బ్రేకు పైపు లీకైంది. డ్రైవరు కొండవైపు గట్టుకు ఆనించి ఆపాడు, ప్రాణాలు దక్కాయి. రిపేరు చేసిన నాయక్ మీద తప్పు మోపారు. బిగింపు నేనే చెక్ చేశాను, బాగానే ఉంది. అయినా పెద్దల ముందు నోరు విప్పలేదు. రెండు నెలలకు అలాంటి పైపులే మరో రెండు బండ్లలో పగిలాయి. అప్పటికే అతనికి రెడ్ ఇంక్ ఎంట్రీ పడింది. పదేళ్ల తరువాత కలిసి క్షమించమన్నాను. "పోనీండి సాబ్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

2022 నవంబరు 18న మన హైదరాబాదు కంపెనీ స్కైరూట్ శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేసింది. మన పిల్లలు అలాంటి చోట్ల చేరితే ఒక్కమాట చెప్పండి. సర్వీసులో ఉన్న తమ్ముళ్లకూ అదే మనవి. మనిషి పేరు రాసేముందు నట్టు విప్పి చూడండి. నిజం తెలిసినవాడు నోరు విప్పాలి.

జై హింద్!