కొసరు చదువు వృథా పోదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం మహాజన సభలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల గురించి చెప్పవలసినది తనిఖీ నివేదికలో చెప్పాను. ఇప్పుడు వేరే మాట. నిన్న మీలో ఒకరు నన్ను ఆపి, "సార్, మా అమ్మాయి బి.కాం. చదువుతోంది. వేరే యూనివర్సిటీలో పాల ఉత్పత్తుల మీద పక్క సబ్జెక్టు ఒకటి తీసుకుంటానంటోంది. అసలు చదువు చాలదా, ఈ కొసరు ఎందుకండీ?" అని అడిగారు. ఆ జవాబు అందరికీ పనికివస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

డాక్టర్ వర్గీస్ కురియన్ గారి పేరు వినని పాల సంఘం ఉండదు. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివిన ఆయనకు అమెరికాలో పాల ఇంజనీరింగ్ చదవమని ప్రభుత్వం వేతనం ఇచ్చింది. ఆయన మనసు మాత్రం లోహశాస్త్రం మీద ఉంది. మిచిగన్ స్టేట్‌లో దానినే ప్రధానంగా చదివి, పాల చదువును పేరుకు ముట్టుకొని, 1948లో పట్టాతో తిరిగి వచ్చారు. ఈ సంగతి ఆయన దాచుకోలేదు. తరువాత తానే నవ్వుతూ చెప్పేవారు.

వేతనం తీసుకున్నందుకు ప్రభుత్వ కొలువు తప్పలేదు. 1949 మే 13న ఇప్పటి గుజరాత్‌లోని ఆనంద్‌కు చేరి, ప్రభుత్వ క్రీమరీలో పనికి కుదిరారు. అక్కడే త్రిభువన్‌దాస్ పటేల్ గారి కైరా జిల్లా పాల సహకార సంఘం పాత యంత్రాలతో అవస్థ పడుతోంది. యంత్రాలు బాగుచేయడానికి ఇంజనీరు చదువు సరిపోయింది. కాని పాల పరిశ్రమ నడపాలంటే పాల స్వభావం తెలియాలి గదా! పేరుకు ముట్టుకొని వదిలిన కొసరు చదువే కావలసి వచ్చింది. 1952-53లో న్యూజిలాండ్ వెళ్ళి ఆ విద్య శ్రద్ధగా నేర్చుకొని వచ్చారు.

ఆయనకు తోడుగా, మిచిగన్‌లో పాడి విద్యే చదివిన హెచ్.ఎం. దలాయా గారు నిలిచారు. గేదె పాలను పొడి చేయలేమని విదేశీ నిపుణులు అంటూంటే, ఆయన చేసి చూపారు. 1955లో ఆనంద్‌లో పాలపొడి తయారీ మొదలయింది. చలికాలంలో పాలు ఎక్కువైనప్పుడు కొనేవారు లేక రైతు నష్టపోయే బాధ తగ్గింది. మన కొట్టాల్లోనూ గేదెలే ఎక్కువ. ఆ విద్య ఫలం మనకూ అందింది.

ఇక నా సంగతి. నేను డిప్లొమా చదివినవాణ్ణి. సహకార చట్టం, ఖాతా లెక్కలు నేర్చుకున్నాను గాని పాల గురించి ఒక్క పాఠం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంఘం లెక్క పైసాతో సహా సరిపోయిందని రాశాను. ఒక పెద్దావిడ వచ్చి, "లెక్క సరిపోయింది సరే నాయనా, మా గేదె పాలలో వెన్న ఎందుకు తగ్గిందో చెప్పు" అన్నది. నా దగ్గర జవాబు లేదు. పాలు కలపకుండా అడుగు నుంచి నమూనా తీస్తే వెన్న తక్కువ కనబడుతుందని ఆ తరువాత ఎప్పటికో తెలిసింది. ఆ సంఘంలో జరిగింది అదేనేమో, నేను చూడలేకపోయాను. ఆమెకు రావలసిన డబ్బు ఎంత పోయిందో ఈనాటికీ చెప్పలేను.

కావున ఆ తండ్రిగారికి నా మనవి ఇది. లెక్క తెలిసినవారు ఉన్నారు, పాలు తెలిసినవారు ఉన్నారు. రెండూ తెలిసినవారే అరుదు. అమ్మాయిని ఆపకండి.

2020 జాతీయ విద్యా విధానం తరువాత, 2021లో క్రెడిట్ల బ్యాంకు అనే ఏర్పాటు వచ్చింది. పూటపూటకూ పోసిన పాలు మన పాస్‌బుక్కులో ఎక్కినట్లే, వేరే విద్యాసంస్థలో చదివినదీ విద్యార్థి ఖాతాలో జమ అవుతుంది. అయితే జాగ్రత్తలు ఉన్నాయి. చేరకముందే సొంత కళాశాల నుంచి ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోవాలి. అవతలి సంస్థ ఆ ఏర్పాటులో ఉన్నదో లేదో కనుక్కోవాలి. రెండుచోట్ల పరీక్షలు ఒకే రోజు పడకుండా చూసుకోవాలి. ఫీజు, దారి ఖర్చులు ముందే లెక్కవేసుకోవాలి.

పాలకవర్గం వారికీ ఒక మాట. సెలవుల్లో ఆ అమ్మాయిని మన కేంద్రంలో పాల పరీక్ష దగ్గర నిలబడి చూడనివ్వండి. పుస్తకంలో చదివినది చేతికి వస్తుంది. రేపు మీ పాలలో వెన్న ఎందుకు తగ్గిందని అడిగితే, జవాబు చెప్పే మనిషి మన ఊళ్ళోనే ఉంటుంది.