కారు ఆగినపుడు కలవరం కూడదు
(సూరత్ నగరంలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలను గురించి, పింఛనును గురించి ఈ వేదిక మీద పెద్దలు ఇదివరకే మాట్లాడియున్నారు. మాకు అప్పగించిన విషయం వేరు. కుటుంబపు కారులో తరచుగా తలెత్తే యాంత్రిక, విద్యుత్ లోపాలను గుర్తించే పద్ధతిని వివరించవలసిందిగా మమ్ములను కోరారు. విషయం చిన్నదిగా కనిపించవచ్చును. కాని నెల జీతం నుండి వాయిదాలు కట్టి కొన్న వాహనం నడిరాత్రి నడిరోడ్డు మీద ఆగినపుడు, వెనుక సీటులో పిల్లలు నిద్రిస్తున్నపుడు, అది ఎంతమాత్రం చిన్న విషయం కాదు.

ఒకప్పుడు మన శాఖలలోని సామాన్య ఉద్యోగికి సైకిలే వాహనం. అంబాసిడర్ అధికారుల కారు, ప్రీమియర్ పద్మిని టాక్సీ కారు. ఈనాడు గాంగ్‌మన్ ఇంటి ముందు, పోస్ట్‌మన్ ఇంటి ముందు కూడా డిక్కీ వున్న కారు కనిపిస్తున్నది. అందులో ఎక్కువ భాగం మరొకరు వాడి అమ్మినవే. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాల పనికి వచ్చి లింబాయత్ మొదలైన వాడలలో స్థిరపడిన మన చేనేత బంధువుల పరిస్థితీ అంతే. దసరాకు, వేసవికి సొంతవూరు వెళ్ళవలెనన్నా, ఉధనాలో రిజర్వేషను దొరకదు. సోన్‌గఢ్, నవాపూర్, ధూలే మీదుగా కారులోనే బయలుదేరుతారు. అందుచేత ఈ జ్ఞానం మనందరికీ అవసరం.

ముందుగా మా అజ్ఞానాన్ని ఒప్పుకొనవలసి వున్నది. మేము రైల్వే విద్యుత్ విభాగంలో జీవితకాలం పనిచేసిన వాళ్ళము. కొన్ని సంవత్సరాల క్రిందట సోన్‌గఢ్ దాటిన తరువాత, టీ కోసం ఆపిన మా కారు మళ్ళీ కదలలేదు. సెల్ఫ్ మోటారు మూలిగి ఊరుకున్నది. తోసి నడిపించి ఇల్లు చేరాము. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది కొన్నాము. పది దినాలకు మళ్ళీ అదే మూలుగు. సెల్ఫ్ మోటారు విప్పించాము, దానికీ డబ్బు పోసాము. మూడవసారి ఒక వృద్ధ మెకానిక్ మల్టీమీటరు తీసుకొని, ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ స్తంభానికి, మరొక కొనను ఇంజిను లోహానికి ఆనించి సెల్ఫ్ తిప్పమన్నాడు. అర వోల్టు కూడా చూపకూడని చోట రెండు వోల్టులకు పైగా చూపింది. ఇంజిను నుండి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ బోల్టు తుప్పు పట్టి వదులై వుంది. బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాడు. వ్యాధి కుదిరింది. ఇరవై అయిదు వేల వోల్టుల ట్రాక్షన్‌లో తిరుగు విద్యుత్తుకు పట్టాల బాండ్లు ఎంత ముఖ్యమో ఇతరులకు బోధించిన మేమే, పన్నెండు వోల్టుల మా కారులో కరెంటు తిరిగివచ్చే దారిని మరిచాము!

ఆనాటి నుండి మేము ఒక నియమం పెట్టుకొన్నాము: పరీక్షించక ముందు ఏ భాగాన్నీ మార్చకూడదు. ఈ నియమం మనకు కొత్తది కాదు. లోకో పైలట్ల వద్ద ట్రబుల్ షూటింగ్ డైరెక్టరీ వుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే ఇది చూడు, అది సరిగా వుంటే తరువాతిది చూడు అని వరుసక్రమం చెబుతుంది. తపాలా మిత్రులకు సార్టింగు వున్నది. 1972 ఆగస్టు 15 నుండి అమలులోకి వచ్చిన పిన్ కోడ్‌లో మొదటి అంకె చూడగానే దేశంలోని తొమ్మిది మండలాలలో ఏదో తెలుస్తుంది. తరువాతి అంకెలు ఉపమండలాన్ని, సార్టింగు జిల్లాను, చివరకు బట్వాడా ఆఫీసును చూపుతాయి. కారు లోపాన్ని కూడా ఇలాగే సార్టు చేయవలెను. మొదటి అంకె ఏమిటంటే, తాళం తిప్పినపుడు సెల్ఫ్ తిరుగుతున్నదా, లేదా?

సెల్ఫ్ తిరగనపుడు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు ముందే వెలగకపోతే, లేదా తాళం తిప్పగానే మినుకుమని ఆరిపోతే, బ్యాటరీ గాని దాని కనెక్షన్లు గాని బలహీనపడ్డాయి. టకటకమని వరుసగా చప్పుడు వచ్చినా అదే అర్థం. లైట్లు బాగా వెలుగుతూ ఒక్కసారి మాత్రమే టక్కుమంటే, సెల్ఫ్ మోటారును, దాని సోలినాయిడ్‌ను అనుమానించవలెను. లైట్లు బాగా వుండి అసలు చప్పుడే లేకపోతే తాళపు స్విచ్చి, రిలే, క్లచ్ పెడల్ వద్ద స్విచ్చి చూడవలెను. నేటి అనేక కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కనిదే సెల్ఫ్ తిరగదు.

మల్టీమీటరు ప్రతి ఇంటిలో వుండదగిన పరికరం. కొన్ని గంటలు విశ్రాంతిగా వున్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. 12 వోల్టులకు తగ్గితే అది దాదాపు ఖాళీ అయినట్లు. ఇంజిను నడుస్తున్నపుడు ఆల్టర్నేటర్ సాధారణంగా 13.8 నుండి 14.5 వోల్టులు ఇస్తుంది. ఇంజిను నడుస్తున్నా 12 దగ్గరే నిలిస్తే లోపం బ్యాటరీలో కాదు, ఛార్జింగులో వున్నది. పాత కార్లలో డైనమోను పరీక్షించడానికి ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసేవారు. నేటి కార్లలో ఆ పని చేయనే కూడదు. ఆ క్షణంలో ఎగసిపడే వోల్టేజి కంప్యూటరు పెట్టెను దగ్ధం చేయగలదు. ఒక్క నిమిషపు పరీక్షకు వేలాది రూపాయల నష్టం!

సూరత్ సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి, తేమ, ఎండ మూడూ కలిసి లోహాన్ని తింటాయి. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూత కనిపిస్తే ముందు నెగెటివ్, తరువాత పాజిటివ్ విప్పి, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి బిగించండి. బిగించేటపుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. మరొక కారు బ్యాటరీ నుండి కరెంటు తీసుకొనేటపుడు మన కారు నెగెటివ్ స్తంభానికి తీగ తగిలించకూడదు. చివరి కొనను బ్యాటరీకి దూరంగా ఇంజిను లోహానికి తగిలించవలెను. బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది, చివరి కనెక్షను వద్ద నిప్పురవ్వ పుడుతుంది. ఆ రెండూ కలియకూడదు.

రెండవ అంకెకు వద్దాము. సెల్ఫ్ బాగా తిరుగుతున్నది, ఇంజిను మాత్రం అందుకోవడం లేదు. అప్పుడు పది సెకన్లకు మించి తిప్పకండి. అర నిమిషం ఆగి చెవి పెట్టండి. తాళం వేయగానే వెనుక సీటు వైపు నుండి రెండు సెకన్లు సన్నని జుమ్మను శబ్దం సాధారణంగా వినబడుతుంది. అది పెట్రోలు పంపు. అది వినబడకపోతే దాని ఫ్యూజు, రిలే చూడండి. తాళం గుర్తు దీపం మినుకుతూ వుంటే కారు మీ తాళాన్ని గుర్తించలేదన్న మాట, రెండవ తాళంతో ప్రయత్నించండి. పంపు, తాళం రెండూ బాగుంటే ప్లగ్గులు, గాలి ఫిల్టరు, సెన్సార్లు మిగులుతాయి. పవర్‌లూమ్ వాడల దుమ్ములో, నూగులో నడిచే కారుకు గాలి ఫిల్టరును పుస్తకంలో వ్రాసిన గడువుకంటె ముందే చూసుకొనడం మంచిది.

ఇక్కడ సి.ఎన్.జి. కార్లు మెండు. గ్యాసు చౌక అని పెట్రోలు టాంకును ఎండగట్టడం పొరపాటు. చాలా కార్లు పెట్రోలుతో మొదలై తరువాత గ్యాసుకు మారుతాయి. అడుగంటిన టాంకులో పంపు వేడెక్కి చెడుతుంది. నెలల తరబడి నిలిచిన పెట్రోలూ పాడవుతుంది. గ్యాసు సుమారు 200 బార్ ఒత్తిడిలో వుంటుంది. కనుక సిలిండరు మీద, దాని గొట్టాల మీద ఇంటి వైద్యం నిషిద్ధం. సిలిండరుకు మూడు సంవత్సరాలకు ఒకసారి పరీక్ష చేయించి తీరవలెను. గ్యాసు వాసన వస్తే ఇంజిను ఆపి, అందరినీ దింపి, తలుపులు తెరచి, సిలిండరు వాల్వు మూసి, దూరంగా వెళ్ళి అధీకృత వర్క్‌షాపును పిలవండి.

ఫ్యూజుల విషయంలో మన వాళ్ళు చేసే తప్పు ఒకటున్నది. పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పోతే ముప్పై ఆంపియర్ల పచ్చ ఫ్యూజు వేయడం, అదీ లేకపోతే రాగితీగ చుట్టడం. ఫ్యూజు పోవడం వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. అది తాను కాలి మన కారును కాపాడుతుంది. దానిని మోసం చేస్తే తీగలు కాలుతాయి, తరువాత కారే కాలుతుంది. వేసిన ఫ్యూజు వెంటనే మళ్ళీ పోతే ఎక్కడో షార్టు వున్నదని గ్రహించి, బయట బిగించిన హారన్లను, పాటల పెట్టెను, అదనపు దీపాలను ముందుగా అనుమానించండి.

ఇక నడుస్తున్న కారు చూపే హెచ్చరికలు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మన ఎర్ర సిగ్నలుతో సమానం. పసుపు దీపం జాగ్రత్త సిగ్నలు. నూనె డబ్బా ఆకారంలో ఎర్ర దీపం వెలిగితే క్షేమమైన చోట వెంటనే ఇంజిను ఆపవలెను. ఇంకొక కిలోమీటరు పోదామన్న ఆశ ఇంజినునే బలి తీసుకొంటుంది. ఇంజిను ఆకారపు పసుపు దీపం నిలకడగా వెలిగితే త్వరలో చూపించండి. మినుకుమినుకుమంటే వేగం తగ్గించి, త్వరలోనే ఆపవలెను. ఛార్జింగు దీపం వెలిగితే బెల్టు తెగిందేమో చూడండి. కొన్ని కార్లలో అదే బెల్టు నీటి పంపును కూడా తిప్పుతుంది.

వేడి ముల్లు ఎర్రగీత చేరితే ఏసీ ఆపండి, క్షేమమైన చోట నిలపండి. వేడిగా వున్న రేడియేటర్ మూతను విప్పకూడదు. ఒత్తిడిలో వున్న నీరు మరిగే ఆవిరిగా ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారిన తరువాత కూలెంటు మట్టం, గొట్టాలు, రేడియేటర్ ఫ్యాను, దాని ఫ్యూజు చూడండి. రహదారిలో బాగుండి, ట్రాఫిక్‌లో నిలిచినపుడు మాత్రమే వేడెక్కుతుంటే ముందుగా ఫ్యానునే అనుమానించవలెను.

బ్రేకుల విషయంలో మాత్రం బేరం లేదు. పెడల్ మెత్తగా దిగిపోతే గొట్టాలలో గాలి చేరింది, లేదా ద్రవం కారుతున్నది. కీచుమంటే ప్యాడ్లు అరిగాయి. పెడల్ దిగిపోయిన కారును నెమ్మదిగా నడిపి ఇల్లు చేరుదామని అనుకొనకండి. బ్రేకు లేని రైలును ఏ ట్రైన్ మేనేజరూ కదలనివ్వడు, మన కారుకూ అదే నియమం. టైరు గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు ఆయువు తీరినట్లే.

మిత్రులారా, ఈ నగరం 2006 ఆగస్టును మరువలేదు. ఉకాయి జలాశయం నుండి వదిలిన నీటితో తాపీ నది పొంగి, నగరంలో అధిక భాగం మునిగింది. వాహనాలు నీటిలో నిలిచిపోయాయి. నీరు తగ్గగానే కారు నడుస్తుందో లేదో చూద్దామని తాళం తిప్పడం సహజం, కాని అదే ప్రమాదం. సిలిండరులోకి నీరు చేరి వుంటే గాలివలె అది అణగదు. పిస్టను దానిని ఢీకొని కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మునిగిన కారుకు తాళం పెట్టక, బ్యాటరీ నెగెటివ్ విప్పి, లాగించి తీసుకొనిపోవలెను. నీటిలో వున్న ఇంజినును తిప్పి చెడగొట్టిన నష్టాన్ని మామూలు పాలసీ క్రింద బీమా సంస్థలు తరచు త్రోసిపుచ్చుతాయి. ఇంజిను రక్షణ అనుబంధం తీసుకొన్నామో లేదో వానాకాలానికి ముందే చూసుకొనండి.

చివరగా, రైల్వే వాళ్ళముగా ఒక్క మాట. లెవెల్ క్రాసింగు మీద కారు ఆగితే ముందు చేయవలసింది మరమ్మతు కాదు. పిల్లలను, పెద్దలను దింపి పట్టాలకు దూరంగా పంపండి. వెంటనే గేట్‌మన్‌కు చెప్పండి. రైలును ఆపే అధికారం, ఎర్ర జెండా, డిటోనేటర్లు అతని వద్ద వున్నాయి. ఆ తరువాతనే గేరు న్యూట్రల్ చేసి తోయండి. రైలు కనిపిస్తే కారును వదిలివేయండి. కారుకు వాయిదాలు వున్నాయి గాని, ప్రాణానికి రెండవ వాయిదా లేదు.

మమ్ములను గట్టెక్కించిన ఆ వృద్ధ మెకానిక్ ఆనాడు అడిగిన కూలి బ్యాటరీ ధరలో పదవ వంతు కూడా కాదు. అతడూ మన వంటి శ్రామికుడే. మనం లక్షణాన్ని సరిగా చెప్పగలిగితే అతని పని సులభమవుతుంది, మన జీతం మిగులుతుంది. ఎప్పుడు ఆగింది, ఏ శబ్దం వచ్చింది, ఏ దీపం వెలిగింది అని ఒక చిన్న పుస్తకంలో వ్రాసిపెట్టుకొనండి. ఈ సభలో మెయిల్ మోటారు సర్వీసు డ్రైవర్లు, మెకానిక్కులు వున్నారు. మాకంటె వారికి ఎక్కువ తెలుసును. మా మాటలలో లోపం వుంటే వారు సరిదిద్దగలరని మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాము.