ఉత్తమర్ణుల ధర్మము



ఈ వార్షిక మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు నన్ను ఆదేశించిరి. బడిపంతులు విద్యను గుఱించి చెప్పునని మీరు తలంచి యుందురు. నేను ఋణమును గుఱించి చెప్ప నెంచితిని. మనలో వర్తకము చేయువారును, వారి మాట నమ్మి సొమ్ము నిలువ యుంచువారును పెక్కుమంది కలరు గనుక ఇది మన యింటి విషయమే.

మనుస్మృతి పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానమును మొదట నుంచినది. అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, పుచ్చుకొన్నవాడు అధమర్ణుడు. ఒకనికి పలువురు ఉత్తమర్ణు లున్నచో, అప్పు తీసికొన్న వరుసనే తీర్పవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. బ్రాహ్మణునకును రాజునకును మాత్రము ముందు చోటిచ్చినది. నేటి చట్టము ఆ వరుసను విడిచి దామాషాను గ్రహించినది. ఆస్తి చాలనపుడు నష్టము నందఱును పంచుకొనవలె ననుట దాని మూలసూత్రము.

ఫలానావాడు ఐ.పి. పెట్టినాడనగనే అప్పు లెగవేసినాడని మన గ్రామములలో అర్థము చేసికొందురు. ఋణగ్రస్తుడు తానే కోర్టున కేగుట అందఱు నెఱిగినదే. అప్పిచ్చినవారును అట్టి అర్జీ పెట్టవచ్చునని యెఱిగినవారు కొలదిమంది. 1920 సంవత్సరపు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము 9వ సెక్షను ఆ హక్కు నిచ్చుచున్నది. బాకీ 500 రూపాయలకు తగ్గరాదు. పలువురు కలిసి పెట్టినచో అందఱి బాకీలును కూడి అంత యైనను చాలును. అయితే బాకీ యుండుట మాత్రము చాలదు. 6వ సెక్షను చెప్పిన దివాలా చేష్టలలో ఒకటి జరిగి యుండవలెను. ఋణదాతలను ఎగ్గొట్టు నుద్దేశముతో ఆస్తి నన్యులకు వ్రాయుట, ఇల్లు విడిచిపోవుట, కంటబడక దాగుట, చెల్లింపులు నిలిపితినని తెలియజేయుట, డిక్రీ అమలులో ఆస్తి వేలమగుట మొదలగునవి యట్టివి. అది జరిగిన మూడు నెలలలోపల అర్జీ దాఖలు కావలెను.

ఈ మూడు నెలలయందే మనవారు నష్టపోవుచున్నారు. ఒక వర్తకునకు తాకట్టులేని అప్పులు పది లక్షలు, ఆస్తి నాలుగు లక్షలు అనుకొందము. సమముగా పంచినచో రూపాయికి 40 పైసలు వచ్చును. ఆతడు రాత్రికి రాత్రి తన బావమఱదికి తీర్పవలసిన రెండు లక్షలకు అంత విలువగల యిల్లు వ్రాసి యిచ్చినచో, మిగిలిన యెనిమిది లక్షల బాకీకి రెండు లక్షలే నిలుచును. రూపాయికి 25 పైసలు. పెనిమిటి పోయిన యొక యిల్లాలు 50,000 రూపాయలు అతనియొద్ద నుంచి యుండినచో, ఆమెకు రావలసిన 20,000 రూపాయలు 12,500 అగును. ఆ 7,500 ఎవరింటి కేగినవో గమనింపుడు.

పక్షపాతముతో చేసిన యిట్టి చెల్లింపును 54వ సెక్షను రద్దుచేయును. కాని దానికిని మూడు నెలలలోపల అర్జీ పడియుండవలెను. ప్రతిఫలము లేక భార్యాబిడ్డల పేర వ్రాసిన దస్తావేజులకు 53వ సెక్షను రెండేండ్ల గడు విచ్చినది. మనవాడే గదా, కోర్టు కీడ్చిన కులము పరువు పోవునని మనము నాల్గవ నెల వఱకు ఊరకుందుము. అంతట ఆ యిల్లు బావమఱదికి స్థిరపడును. ఆ యిల్లాలి కన్నీరు మన పరువు లెక్కలోనికి రాదు.

కోర్టు దివాలాదారుగా నిర్ణయించినతోడనే ఆస్తి కోర్టునకో రిసీవరునకో సంక్రమించును. తాకట్టు గలవాని హక్కు చెడదు. సర్కారు బాకీలకును, కొలువుకాండ్ర కొంత జీతమునకును ముందు చెల్లింపు కలదు. తక్కినవారందఱు దామాషాకు లోబడవలసినవారే.

ఇది పగ తీర్చుకొను సాధనము కాదు. అప్పు తీర్చగలవాడని రుజువైనచో కోర్టు అర్జీని త్రోసివేయును. వేధింపునకై పెట్టినదైనచో వేయి రూపాయలవఱకు పరిహార మిప్పింపవచ్చును. పెట్టిన అర్జీని కోర్టు సెలవు లేక మరలించుకొనుటకు వీలులేదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పనివాని పనిముట్లు, స్త్రీ మంగళసూత్రము రిసీవరునకు చెందవు. నిజాయితీగా లెక్కలొప్పగించినవాడు విడుదల ఉత్తరువు పొంది మరల తలయెత్తి జీవింపవచ్చును.

2016 సంవత్సరపు దివాలా స్మృతి ఈ పాతచట్టమును తొలగింప నుద్దేశించినను, వ్యక్తుల భాగము 2019 డిసెంబరు 1వ తేదీనుండి కంపెనీ అప్పులకు జామీను నిలిచినవారి విషయమున మాత్రమే అమలు చేయబడినది. తక్కిన వర్తకులకు 1920 చట్టమే శరణ్యము. స్నేహమునకై కంపెనీ కాగితములపై సంతకము చేయువారు దీనిని మఱవరాదు.

కావున నా మనవి. మనలో నెవ్వడేని చెల్లింపులు నిలిపినచో, సంఘపెద్దలు మొదటి నెలలోనే ఋణదాతల నందఱిని, పరకులస్థులనుగూడ, పిలిచి చిట్టా ఆవర్జాలు వారియెదుట విప్పింపవలెను. దామాషా రాజీ కుదిరినచో మేలు. కుదరనిచో గడువు దాటకమున్ను అందఱును కలిసి అర్జీ పెట్టవలెను. నిర్ణయమైన పిమ్మటనైనను రాజీకి దారి కలదు; సంఖ్యలో అధికులును, బాకీలో ముప్పాతికవంతు గలవారును సమ్మతించి కోర్టు ఆమోదించినచో అది అందఱిని బంధించును.

అధమర్ణుని ధర్మమును మనము తఱచుగా బోధింతుము. ఉత్తమర్ణులును ఒండొరులయెడ ధర్మము తప్పకుందురుగాక.